పొట్టి వైరు

ఆమెకి సర్దే జబ్బు. ఇంట్లో ఏ వస్తువూ వదిలేసిన చోట ఉండదు, ఉండాల్సిన చోట ఉంటుంది. "నువ్వు సర్దావంటే మా అబ్బాయి కూడా ఏ అలమరలోనో దొరుకుతాడు" అని అత్తగారి ఎకసెక్కం. ఆ అత్తగారే పసిదాన్ని చూసుకుంటానని ధైర్యం చెప్పబట్టి, ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్నాక ఈ ఉద్యోగంలో చేరింది. షేర్ల మార్కెట్టు వాళ్ళ కంప్యూటర్ల హాల్లో వైర్ల పని. ఇది పోతే మళ్ళీ పిలిచి ఇచ్చేవాళ్ళెవరూ లేరు.

చల్లటి హాలు, వరసగా ఇనప బీరువాలు. ఒక్కో దాంట్లో ఒక్కో కంపెనీ యంత్రం, మనం కన్ను మూసి తెరిచేలోగా వేలసార్లు కొని అమ్మేస్తుంది. వాళ్ళకి రెప్పపాటంటే ఓ యుగం. గుమ్మం పక్క బీరువా వెనక, అక్కడే ఉన్న మార్కెట్టు పెద్ద కంప్యూటరుకి వెళ్ళే ఫైబర్ వైరు ఇంత లావు చుట్టగా పడి ఉంది. ఆమె ప్రాణం ఊరుకోలేదు. మార్కెట్టు తెరవకముందే చుట్టంతా కత్తిరించి, చివరికి కొత్త ప్లగ్గు వేసి, తిన్నగా లాగి కట్టేసింది. తల దువ్విన పిల్లలా ముచ్చటగా ఉంది.

మార్కెట్టు తెరిచిన కాసేపటికే ఆ కంపెనీ మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. వెనకే హాలు పెద్దసారు. బీరువా వెనక్కి తొంగిచూసి ఆయన నెత్తి పట్టుకున్నాడు.

"ఇక్కడ చుట్ట ఏదమ్మా?"

"చిందరవందరగా ఉందని తీసేశానండి."

"అది చిందరవందర కాదు తల్లీ, న్యాయం! ఆ చివరి బీరువాకి ఎంత వైరో ఈ మొదటి దానికీ అంతే వైరు. దగ్గరున్నవాడు ముందు చేరిపోకూడదని మిగిలింది చుట్టి పెడతాం. నీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు. చేరినరోజే చెప్పారు. ఆమె అప్పుడు, చెప్పేవాడి బల్లమీద వంకరగా పడున్న కాగితాల వంక చూస్తోంది.

"చెప్పారండి. నేనే వినలేదు."

"ఈవిణ్ణి ఇప్పుడే ఇంటికి పంపండి! నిలువునా మునిగాం!" అన్నాడు మేనేజరు.

పెద్దసారుకి అర్థం కాలేదు. "మునగడమేమిటండీ? వైరు పొట్టిదైతే అందరికంటే ముందు మీరే కదా?"

"అదే కదా నా ఏడుపు!" అనేసి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా యంత్రం పక్కవాళ్ళు కొంటే కొంటుంది, అమ్మితే అమ్ముతుంది. అలాగే తయారుచేశాం. ఇవాళ ముందే వెళ్ళిపోయింది. చూసి కాపీ కొట్టడానికి ఎవరూ లేరు. దిక్కుతోచక కనపడిందల్లా కొనేసింది."

పెద్దసారు దగ్గినట్టు నటించాడు. "ఈ పొరపాటు సంగతి సాయంత్రం అన్ని కంపెనీలకీ చెప్పాల్సిందే. మీరూ రండి. నష్టం ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పినట్టే వాళ్ళ ముందు చెప్పండి. అక్కడికక్కడే అమ్మాయిని పంపించేస్తాను."

'అందరికంటే ముందు మేమే' అని ఊరంతా బోర్డులు కట్టుకున్న కంపెనీ అది.

"పోనీలెండి, కొత్తమ్మాయి," అన్నాడు మేనేజరు చివరికి.

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. మేనేజరు గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, ఆమెకి మాత్రమే వినపడేలా వంగాడు.

"అమ్మాయ్, కొత్త వైరు నాలుగు మూరలు ఎక్కువే వెయ్యమ్మా. మేమేం అనుకోం."