గోబీకి సన్న ఇసుక

బియ్యం కడిగి కుక్కర్ పెట్టి, చేతులు తుడుచుకుని, బకెట్ నీళ్లలో సముద్రపు ఉప్పు కలపడానికి కూర్చున్నాను. హాల్లోని పాత చేపల ట్యాంకు అతుకు దగ్గర కారడం మొదలవడంతో చేపలూ పగడాలూ వంటింటి పక్కన పెద్ద టబ్బులో ఉన్నాయి. కొత్త ట్యాంకు వచ్చింది. అడుగున ఏం పరవాలన్నదే తేలలేదు.

ఈ సముద్రం సరదా మా ఆయన సొలొమోనుది. అతను లోకో పైలట్. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఇలాంటిది ఇంకెవరికీ లేదని వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. అతను లైన్ మీదున్నప్పుడు నీళ్లు మార్చేది, అద్దాల నాచు గీకేది, పంపు ఆగితే పరుగెత్తేది నేను. అతను ఇంట్లో ఉన్నప్పుడూ నేనే. "భలే పెంచుతున్నావు తమ్ముడూ" అని ఎవరైనా అంటే అతను నవ్వుతాడు. నేను టీ అందిస్తాను.

ఆ ఉదయం నల్లటి గులకరాళ్ల సంచి తెచ్చి గోడకి ఆనించాడు.

"నలుపు మీదైతే పగడాల రంగు బాగా తేల్తాదంట. నాతో డ్యూటీ సేసే అనిల్ కుమార్ సెప్పినాడు. నాను డ్యూటీ నుంచొచ్చేసరికి ఏసీయి."

"గోబీ సేపకి ఇది పనికిరాదండీ. అది ఇసక నోట్లోకి తీసుకుని, అందులో తిండి ఏరుకుని, మొప్పల్లోంచి వదుల్తాది. ఈ రాళ్లు దాని నోట్లో పట్టవు. సన్న పగడపు ఇసక కావాల."

"నీకేటి తెలుసు? సేపలు వండడం, పెంచడం ఒకటి గాదు."

మంచం మీద నుంచి మా అత్త ఎలీసమ్మ నవ్వింది. "కడుపు పండని ఇంట్లో సేపకి మెత్తని పరుపు కావాలంట."

నేను సొలొమోను వైపు చూశాను. బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. కట్టడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

నాలో ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పింది. అతనిలో ఉందనీ చెప్పింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని "అమ్మకి సెప్పకు ఏంజలిన్" అన్నాడు. చెప్పలేదు. చర్చిలో ఆడవాళ్లు నా కోసం ప్రార్థనలు చేస్తుంటే కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాను. అతను ఏదో ఒకరోజు తనంతట తానే చెబుతాడనుకున్నాను. ఈ ఇంట్లో నేను మాట్లాడేది ఎక్కువగా ఆ గోబీతోనే. టబ్బులో దానికి కింద ఇసుక లేదు. ఒట్టి ప్లాస్టిక్ మీద నోరు ఆనించి, ఏమీ దొరక్క, మళ్లీ పక్కకి జరిగి నోరు ఆనిస్తోంది. అది చూస్తూ నిలబడితే కుక్కర్ కూతలు కూడా వినిపించలేదు.

సొలొమోను వెళ్లాక నల్లరాళ్ల సంచి మార్చుకుందామని టోటో రిక్షాలో వేసుకుని గోల్ బజార్ వెళ్లాను. అక్వేరియం దుకాణం బెంగాలీ ఆయన ఆశ్చర్యపోయాడు.

"సొలొమోను దాదా నలుపే కావాలన్నారే బౌదీ. ఒకసారి ఫోన్ చేస్తారా?"

"అక్కర్లేదు దాదా. ట్యాంకు చూసేది నేను. సన్నదివ్వండి."

ఇసుక తేట నీళ్లు వచ్చేదాకా కడిగాను. మెల్లగా పరిచి, పళ్లెం అడ్డం పెట్టి దాని మీద ఉప్పునీళ్లు పోశాను. ఎంత జాగ్రత్తపడ్డా ట్యాంకంతా పాలలా తెల్లబడింది. "పాడుసేసినావు" అంది అత్త. మర్నాటికి నీళ్లు తేరుకున్నాయి. పాత ట్యాంకులోని పెద్ద రాళ్లూ పగడాలూ సర్ది, చివర్న గోబీని వదిలాను. చాలాసేపు రాతి చాటున కదలకుండా ఉండిపోయింది. తర్వాత బయటికొచ్చి నోటినిండా ఇసుక తీసుకుంది. మొప్పల్లోంచి సన్నగా రాలింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు.

సొలొమోను డ్యూటీ నుంచి వచ్చి, భుజాన సంచి దించకుండానే ట్యాంకు ముందు నిలబడ్డాడు.

"ఎవరు మార్సమన్నారు?"

"నానే మార్సినాను."

"నాకు సెప్పకుండానా?" గొంతు పెంచాడు. "నాకు సెప్పకుండా ఇంకా ఏటేటి సేస్తావు?"

అత్త మంచం మీద లేచి కూర్చుంది. నేను ఆమెను చూశాను. తర్వాత అతన్ని చూశాను.

"ఇంకా ఆలోసించలేదండీ" అన్నాను.

అతను ఒకసారి వాళ్లమ్మ వైపు చూశాడు. ముఖంలో కోపం పోయింది. పెళ్లయ్యాక మొదటిసారి, నేను తర్వాత ఏం మాట్లాడతానో అని అతను ఎదురుచూశాడు.