పడవ కింద నేల

దండాసి కుటుంబం పజుండౌంగ్ వాగు ఒడ్డున ఒక పాత సరుకు పడవలో ఉండేది. సేక్కాన్ రేవులో క్రేన్ నడిపే దండాసి, పెళ్ళైన కొత్తలో ఆ పడవను తుక్కు ధరకు కొని, ఒడ్డుకు లాగించి, దుంగల మీద నిలబెట్టి, పైన రేకులు వేయించాడు. పడవ అతనిది. దాని కింద నేల మాత్రం డా ఖిన్ ఖిన్ అనే పెద్దావిడది; డా అంటే అక్కడ అమ్మగారని. ఏటా అక్కడి కొత్త సంవత్సరానికి వచ్చే తింజాన్ నీళ్ళ పండగ వెళ్ళగానే ఆవిడకు నేల కిరాయి కట్టాలి. బియ్యం ధర ఎంత పెరిగితే కిరాయి కూడా అంత పెరగాలని మొదట్లోనే మాట అనుకున్నారు.

ఈ ఏడు ఆవిడ లెక్క మార్చింది. ఇకమీదట కిరాయి బంగారం ధరను బట్టి పెరుగుతుందని కబురు పంపింది.

"బంగారవేటి? మన పిల్ల సెవులికే నేదు," అంది దండాసి భార్య సుధామణి.

బంగారం వారానికో ధర పలుకుతోంది. దండాసి జీతం రెండేళ్ళుగా కదల్లేదు.

"పడవే కదా. పెద్ద పోటొచ్చినపుడు నీళ్ళలోకి దింపేసి అవతలొడ్డుకి లాక్కుపోదాం," అన్నాడతను.

పడవలు బాగుచేసే జోగిని పిలుచుకొచ్చాడు. జోగి కిందకు దూరి, అడుగు చెక్కలో చాకు గుచ్చాడు. చాకు పిడి దాకా మెత్తగా దిగిపోయింది.

"దుంగల మీదున్నన్నాళ్ళూ ఉంటాది బావా. కదిపితే నడుం ఇరిగిపోద్ది," అన్నాడు బయటికొచ్చి.

అమ్మేద్దామనుకున్నారు. చేపలమ్మే ఒకాయన వచ్చి, లోపలంతా తిరిగి చూసి మెచ్చుకున్నాడు. నేల కిరాయి సంగతి వినగానే, పోసిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

చివరికి సుధామణి అదే నేల మీదున్న చుట్టుపక్కల పడవ ఇళ్ళ ఆడవాళ్ళను కూడగట్టి, దండాసిని వెంటబెట్టుకుని లమ్మడా పేటలో డా ఖిన్ ఖిన్ ఉండే మేడకు వెళ్ళింది. ఆవిడ తల్లి తెలుగు మనిషే. ఆవిడకూ తెలుగు వచ్చు.

"డా, మేం బంగారం తినం. బియ్యం తింటాం. మాటనుకున్నది కూడా బియ్యం మీదే," అంది సుధామణి.

డా ఖిన్ ఖిన్ పక్కనున్న మందుల సంచీ దగ్గరకు లాక్కుంది.

"ఇవి బ్యాంకాక్ నించి రావాలి. ఈటి ధర మీ బియ్యంతో పెరగదమ్మా. నేనేటి సెయ్యను?" అంది. సంచీ మూతి బిగిస్తూ మళ్ళీ తనే, "సరే, మాట మాటే. బియ్యమే. పావ్‌సాన్ బియ్యం," అంది.

పావ్‌సాన్ ఓడలెక్కి పై దేశాలకు పోయే సువాసన బియ్యం. దాని ధర డాలరు వెంటే పెరుగుతుంది.

"మేం తినేది ముతక బియ్యం," అన్నాడు దండాసి.

"ఏ బియ్యవో అపుడు అనుకోనేదు కదా. నేను తినేది పావ్‌సానే."

వచ్చిన వాళ్ళలో పెద్దది సింహాచలమ్మ. "బంగారం కన్నా నయమే కదే," అంది మెల్లగా. మిగతావాళ్ళు తలలు వంచుకున్నారు. సుధామణికి అనాల్సింది ఇంకా చాలా ఉంది. కానీ వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ కళ్ళు కలపలేదు. సరేనంది.

ఆ నెలే పడవకు అడ్డంగా రేకు కట్టించి, వాగు గాలి తగిలే ముందు భాగాన్ని బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలకు అద్దెకిచ్చారు. దండాసి, సుధామణి, కూతురు చిట్టి వెనక భాగంలోకి మారారు. ఒకప్పుడు అక్కడ ఇంజను ఉండేది. ఎంత కడిగినా చెక్కలోంచి డీజిల్ వాసన వస్తుంది. అక్కడ దండాసి నిలబడితే తల రేకుకు తగులుతుంది.

పడవకు ఉన్నది ఒకటే గుమ్మం, అదీ ముందువైపు. డ్యూటీ నించి వచ్చిన దండాసి ఆ గుమ్మం దగ్గర ఆగి, గట్టిగా దగ్గి, లోపల అమ్మాయిలు "రండి" అనేదాకా తన ఇంటి బయటే నిలబడతాడు.