ఆదివారం తలనొప్పి

ఆదివారం వచ్చిందంటే నాకు తల పగిలిపోయేది. చర్చికి బయలుదేరే ముందు మా ఆయన మాతె టోపీ దుమ్ము దులిపి, చుట్టూ ఉన్న పట్టీ వేళ్లతో సర్ది ఇచ్చేదాన్ని. అది అయ్యేసరికి కణతల్లో పోట్లు మొదలయ్యేవి. ఇక మంచమే గతి.

"మీ అక్కవన్నీ వేషాలురా. ఫాదర్ ప్రసంగం తప్పించుకోవాలి కదా" అని మాతె మా తమ్ముడు స్తీపన్ ముందు నవ్వేవాడు. వీధిలో ఆడవాళ్లయితే నేను చాటుగా తాగుతానని అనుకునేవాళ్లు. సిగ్గుతో నీళ్లకి కూడా వాళ్లంతా వెళ్లాకే వెళ్లేదాన్ని.

స్తీపన్ ఈమధ్యే మాతె పనిచేసే రాగి గనిలో చేరాడు. నిన్న ఆదివారం తల పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"భయపడకురా" అన్నాడు మాతె. "డైనమైట్ ముట్టుకున్న చేతులకి ఆ నొప్పి తప్పదు. రోజూ ముట్టుకుంటే అలవాటైపోతుంది. సెలవు రోజు వదిలేస్తే సోమవారం మళ్లీ మొదలు. అందుకే మేమంతా శనివారం చిన్న ముక్క ఇంటికి తెచ్చుకుంటాం. ఇదిగో, ఇక్కడ."

టోపీ పట్టీ వేలితో ఎత్తి చూపించాడు.

నేను నా వేళ్ల వంక చూసుకున్నాను.

"వాడిదైతే డైనమైట్ నొప్పి, నావైతే వేషాలా?" అన్నాను.

మాతె ముఖం పాలిపోయింది. బ్రష్ తీసుకుని తనే టోపీ దులపబోయాడు.

"వద్దు. దుమ్ముతోనే పెట్టుకెళ్లు. ఎందుకని ఆ ఆడవాళ్లు అడుగుతారు. చెప్పు."