అన్నయ్య జవాబులు

అన్నయ్య పోయాక అతని పుస్తకాలు వదినకు, అతను రాసిన కంప్యూటర్ కోడ్ చెల్లెలికి మిగిలాయి. ఎవరెవరో పంపే చిందరవందర ఫైళ్లను చదివి, ఏది అంకె, ఏది తేదీ, ఏది ఎవరి పేరో తేల్చిపెట్టే లైబ్రరీ అది, అంటే ఇతర ప్రోగ్రామర్లు తమ పనిలో ఉచితంగా కలుపుకునే కోడ్. ముక్కూ మొహం తెలియనివాళ్లు వేలమంది వాడుతున్నారు. తనదీ అదే వృత్తి కావడంతో చెల్లెలు కాదనలేక నెత్తికెత్తుకుంది.

కోడ్‌తో ఆమెకు పేచీ లేదు. పేచీ అంతా జవాబులతోనే. లైబ్రరీ పేజీలో ఎవరు ఫిర్యాదు పెట్టినా క్షణంలో అన్నయ్య పేరు మీద ఒక మాట వచ్చేది: "చూస్తున్నానండీ, కాస్త ఓపిక పట్టండి." బతికుండగా అతనే పెట్టుకున్న చిన్న ప్రోగ్రాం. సంగతి తెలిసి కూడా, ఆ మాట తెర మీద పడ్డప్పుడల్లా ఆమెకు ఒళ్లు జలదరించేది. రేపు తీసేద్దాం అనుకునేది. ఆ రేపు రాలేదు.

కొత్త వెర్షన్ పని మొదలుపెట్టాక ఒక వింత కంటపడింది. రోజూ ఒకే ఖాతా నుంచి ఖాళీ ఫిర్యాదు. ఏం తప్పొచ్చిందో రాసి ఉండదు, ఫైలూ ఉండదు. కింద అన్నయ్య జవాబు మాత్రం ఉంటుంది. ఎవరో పనీపాటా లేనివాళ్లని విసుక్కుని ఆ ఖాతాను బ్లాక్ చేసింది.

మర్నాడు వదిన ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక గొంతు తగ్గించింది.

"మీ అన్నయ్య పలకడం లేదు. నువ్వేమైనా చేశావా?"

ఆ ఖాళీ ఫిర్యాదులు ఎవరివో చెల్లెలికి అప్పుడు తెలిసింది. ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది.

వదిన అన్నయ్య గదిలో, అతని కుర్చీలోనే ఉంది. బల్ల కింద అతని కంప్యూటర్ గుయ్‌మంటూ నడుస్తోంది. జవాబులిచ్చే ప్రోగ్రాం ఉన్నది అందులోనే. తనకేమీ మతి పోలేదని, అది ఆయన కాదని తనకూ తెలుసని వదిన ముందే చెప్పేసింది. కుళాయి కారినా, బల్బు పోయినా ఆయన ఇదే మాట అనేవారట. చూసిందీ లేదు, చేసిందీ లేదు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బ్లాక్ తీసేస్తానంది చెల్లెలు. వదిన తెర వంక చూసి, ఆయన కోసం ఇలా ఎదురుచూసేవాళ్లు ఇంకా ఉన్నారా అని అడిగింది. చాలామందే ఉన్నారంది చెల్లెలు.

"నాకైతే తెలుసు, ఆయన లేరని. పాపం, వాళ్లకు తెలీదు కదా. ఆ జవాబులే తీసెయ్యి."

చెల్లెలు కంప్యూటర్‌నే ఆపేసింది. అంత నిశ్శబ్దం ఆ గది ఎన్నేళ్లుగానో ఎరగదు. వదిన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రం అక్కడే తన ల్యాప్‌టాప్ తెరిచి, అన్నయ్య లేడని, ఇకపై ఈ పని తనదని, ఫిర్యాదు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్లలో ఒక్కొక్కరికీ రాసింది. వదిన పక్కన కూర్చుని ఒక్కో పేరూ పైకి చదివింది. లేచి వెళ్తూ చెల్లెలు గది తలుపు మూయబోతే, వదిన వద్దంది.