వదినను పరిగెత్తించిన రోజు

పిచ్చుక అన్నది ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. మనిషి సన్నగా ఉన్నా, పరుగులో ఆమెను అందుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అలాంటిది ఒక ఏడాది మైదానం సగం చుట్టేసరికే ఆయాసం, కళ్ళకు చీకట్లు. పరుగు జట్టులో ఎప్పుడూ అదనపు మనిషిగా కూర్చునే వదిన కోచ్ చెవిలో ఊదింది.

"దానికేం రోగం లేదు సార్. ఒళ్ళు వంగక నాటకాలు."

కోచ్ పిచ్చుకను తీసేసి, ఆ చోటు వదినకే ఇచ్చాడు.

తర్వాత డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. "ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందమ్మా. నువ్వెంత గాలి పీల్చినా కండలకు మోసుకెళ్ళేది రక్తమే కదా! కాళ్ళేం చేస్తాయి పాపం?"

ఆ సంగతి విని వదిన నవ్వేసింది. "ఏమో, నాకేం తెలుసు?"

పిచ్చుక మందులు మింగుతూ, పళ్ళు కొరుకుతూ కోలుకుంది. మనిషి ఎందుకు అలిసిపోతాడో డాక్టరమ్మను గుచ్చి గుచ్చి అడిగింది. మొదట్లోనే ఒళ్ళు మరిచి పరిగెత్తితే కండల్లో దాచుకున్న శక్తి తొందరగా కరిగిపోతుంది. ఎండలో చెమటతో నీళ్ళు పోతే గుండెకు భారమవుతుంది. ఇక వదిన సంగతి పిచ్చుకకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. తనకంటే ముందు ఎవరైనా పరిగెడుతుంటే ఓర్వలేదు. నీళ్ళ కోసం ఆగడం నామోషీ.

ఎవరైనా పాల్గొనగల కొండదారి పందెం రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈల మోగగానే పిచ్చుక దూసుకుపోయి వెనక్కి చూసింది.

"ఏం వదినా, పెళ్ళయ్యాక పాదాలు బరువెక్కాయా?"

"ఆగవే, నీ పని చెప్తా!"

వదిన వెంటపడింది, దారిలో నీళ్ళ బల్ల దగ్గర కూడా ఆగలేదు. పిచ్చుక మాత్రం గ్లాసు అందుకుని తాగింది. దగ్గరికి రానిచ్చి, ఉడికించి, మళ్ళీ ముందుకురికింది. ఎత్తు మొదలయ్యేసరికి వదిన అడుగులు తడబడ్డాయి. పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూలబడింది.

"కాళ్ళు రావట్లేదే... చెయ్యివ్వు."

పిచ్చుక నిలబడింది. జాలి కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

"వెనక కోచ్ వస్తున్నాడు వదినా. రోగమో నాటకమో ఆయన్నే అడుగు."

పందెం ఇంకెవరో గెలిచారు. ఉడికించిన పరుగుకి పిచ్చుక కాళ్ళూ చివర్లో చచ్చుబడ్డాయి. వదినకు సెలైన్ ఎక్కించి ఇంటికి తెచ్చారు.

"మనిషివేనా నువ్వు?" అన్నయ్య మండిపడ్డాడు. "ఆగి పట్టుకుంటే నీ సొమ్మేం పోయేది?"

గదిలో వదిన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిచ్చుక కంచం ముందుకు లాక్కుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.