పడక సీటు

“నంబరొచ్చిందా? జల్ది చెప్పు, పార్టీ లైన్ల ఉన్నడు.”

పప్పులో పోపు వేస్తున్నాను. ఎండుమిరపకాయలు మాడుతున్నాయి. ఎడమచేత్తో స్టవ్ ఆపి, ఫోనును కొంగుతో తుడిచి, అద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తురాక కళ్లు చికిలించుకుని ఆరు అంకెలు చదివాను. “ఆ, అయిపాయె” అని మా ఆయన పెట్టేశాడు. ఎనిమిదేళ్లుగా ఇదే. స్టీలు షీట్లు కొన్నా, గ్యాసు సిలిండర్లు తెప్పించినా కార్డు గీకేది ఆయన, నంబరు వచ్చేది నా ఫోనుకు. స్నానాల గదిలో ఉన్నా, అత్తమ్మకు కాళ్లు పడుతున్నా నేను ఆ నంబరు చెప్పాలి. ఒకసారి మా అమ్మ శవం దగ్గర కూర్చుని కూడా చెప్పాను.

మా ఆయన రాంచందర్‌కు, మా బావ రాజశేఖర్‌కు కలిపి పటాన్‌చెరులో ఒక షెడ్డు ఉంది. మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు వెల్డింగ్ చేసి ఇస్తారు. ఒకప్పుడు ఎవరికో జమానతు సంతకం పెట్టి మా ఆయన పేరు బ్యాంకుల్లో చెడిపోయింది. అప్పటినుంచి షెడ్డు నా పేరు మీద, కరెంటు మీటరు నా పేరు మీద, కార్డు నా పేరు మీద. గేటుకు వేలాడే బోర్డు మీద కూడా వీరలక్ష్మి ఇంజనీరింగ్ వర్క్స్ అనే ఉంటుంది. చుట్టాలొస్తే “ఓనరమ్మ ఆమెనే, మేం జీతగాళ్లం” అని అందరినీ నవ్విస్తాడు. ఆ ఓనరమ్మ పొద్దున ఐదింటికి లేచి ఎనిమిది మంది పనివాళ్లకు, ఇద్దరన్నదమ్ములకు వండి, పన్నెండు కొట్టేలోపు గౌస్ ఆటోలో క్యారియర్లు ఎక్కించాలి. కూరలో ఉప్పు తక్కువైతే ఆ సంగతి సాయంత్రం దాకా ఆగదు, ఫోనులోనే వస్తుంది.

నేను పదో తరగతి దాకా చదివాను. భయపడటం మాత్రం ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది. ఎక్కడైనా ధడేల్‌మంటే ఏ కంపెనీలోనో రియాక్టరు పేలిందనుకుని ఆయనకు ఫోను చేస్తాను. నా కూతురు ప్రియాంక కాలేజీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే హైవే మీద లారీ, రక్తం, తెల్లగుడ్డ అన్నీ కనబడతాయి. ముందే ఊహించుకుంటే ఆ చెడు మన గడపదాకా రాదని నాకొక నమ్మకం. ఆయనేమో దేనికైనా “ఏమైతది?” అంటాడు. నేను “ఏమైతదో” అంటాను. ఇరవై రెండేళ్ల సంసారం ఈ రెండు మాటల మధ్యనే గడిచింది.

ఇంతమంది కోసం భయపడ్డాను గానీ, నా చెల్లెలు చంద్రకళ కోసం ఏనాడూ భయపడలేదు. అది ధైర్యం గలది. మొగుడు పోయిన ఏడాదికే దుబాయ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి వెళ్లిపోయింది. ఆరేళ్లయింది. నేను చూడని వైపునుంచే చెడు వచ్చింది. అద్దాలు తుడుస్తూ నిచ్చెన మీదనుంచి పడింది. నడుము దగ్గర రెండు ఎముకలు చిట్లాయి. ఐదు వారాలు ఆసుపత్రిలో ఉంచారు. వీసా నెలాఖరుతో అయిపోతుందని ఆ ఇంటివాళ్లు మామూలు టికెట్టు ఒకటి చేతిలో పెట్టారు. డాక్టరేమో అర్ధగంటకు మించి కూర్చోకూడదన్నాడు. కూర్చుంటే కాళ్లకు పోయే నరాలు దెబ్బతింటాయట, మళ్లీ నడుస్తుందో లేదో చెప్పలేమన్నాడట.

“అక్కా, పరేషాన్ కాకు. నేను మంచిగనే ఉన్న” అని వాయిస్ పంపింది. ఆగి, మెల్లగా అంది. “గని కూసుంటే కాళ్లల్ల చీమలు పాకినట్లైతుంది. లేస్తే కాళ్లున్నయో లేవో తెల్వదు.”

ఆ మెసేజీ నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

అదే వారంలో మా బావ పాయింట్ల సంగతి పట్టుకొచ్చాడు. ఆడిటరు చెప్పాడట, ఇన్నేళ్లుగా గీకిన కార్డు మీద బోలెడు పాయింట్లు పేరుకున్నాయని. వాటిని ఒక విదేశీ విమానాల కంపెనీలోకి మార్చుకుంటే, ఆ కంపెనీతో పొత్తున్న వేరే విమానాల్లో కూడా ముందు వరుస సీట్లు దొరుకుతాయట. జర్మనీలో మిషన్ల ప్రదర్శన ఉంది. అన్నదమ్ములిద్దరూ బిజినెస్ క్లాసులో పోవచ్చు.

“ముందు తలుపుల నుంచి ఎక్కాలెరా తమ్మీ” అన్నాడు బావ, సోఫాలో వెనక్కి వాలి చూపిస్తూ. “మనం కాళ్లు సాపుకొని జూసు తాగుతుంటే, ఎనుకకు పోయేటోళ్లు మనల్ని సూసుకుంట పోవాలె.”

మా ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు. ఇరవై ఏళ్లు వెల్డింగ్ పొగ మింగిన మనిషి. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఆయనకు మాత్రం ఆశలుండవా?

విమానం కంపెనీలో ఖాతా, కార్డు ఎవరిదైతే వాళ్ల పేరు మీదే ఉండాలట. “తెరువు బిడ్డా, మీ అమ్మ పేరు మీద లేనిదేముంది గనుక” అన్నాడు మా ఆయన. ప్రియాంక తెరిచింది. పాయింట్లు అందులోకి పంపింది. ఒకసారి పంపితే వెనక్కి రావట. నంబరొచ్చింది, చెప్పాను. అప్పుడే ప్రియాంక తన ఫోనులో ఆ సీటు ఫొటో చూపించింది. చూద్దునుకదా, అది సీటు కాదు, మంచం. ఒకావిడ దుప్పటి కప్పుకుని, దిండు పెట్టుకుని, వెల్లకిలా పడుకుని ఉంది.

“ఇట్ల మొత్తం పండుకోవచ్చా?”

“ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు జెర సేపు కూసోవాలె అమ్మా. నడుమ మొత్తం పండుకోవచ్చు.”

ఆ దుప్పటి కింద నాకు చంద్రకళ కనబడింది. ఫోను తిరిగి ఇవ్వడం మర్చిపోయి అలాగే పట్టుకున్నాను.

అడిగాను. అడగలేదని రేపు ఎవరూ అనకూడదు. మొదటిసారి అన్నం వడ్డిస్తూ అడిగాను. “వాళ్లు టికెట్ ఇచ్చిండ్రు గద” అన్నాడు, పెరుగు కలుపుకుంటూ. “నాలుగ్గంటలు. రెండు గోలీలేసుకుంటే అయిపాయె. ఏమైతది?” రెండోసారి బావ ముందు అడిగాను. “అమ్మా వీరలక్ష్మీ, అది బిజినెస్ చేసేటోళ్లు కూసునే క్లాసు. పేషంట్లకు అంబులెన్సులుంటయి” అని బావ తన మాటకు తానే నవ్వాడు. మూడోసారి అడిగినప్పుడు మా ఆయన టీవీ సౌండు పెంచాడు. మా అత్త ముత్యమ్మ మంచం మీదనుంచి అంది, “దుబాయ్ పొమ్మని మేం తోలినమా దాన్ని? దాని తలకాయకు అది పోయింది.”

గోలీలేసుకుంటే ఏమైతదన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ప్రియాంక పుట్టినప్పుడు సంగారెడ్డి ఆసుపత్రిలో నాకు కడుపు కోశారు. ఐదోరోజు ఇంటికి తేవడానికి షెడ్డు జీపు వచ్చింది. వెనక పైపులున్నాయి, పడుకోవడానికి చోటు లేదు. పైపులు దించి రావాలంటే ఒక ట్రిప్పు దండగ. డ్రైవరుకూ ఆయనకూ మధ్యలో నన్ను కూర్చోబెట్టి, ఒళ్లో పిల్లను పెట్టారు. “అర్ధగంట తోవ, ఏమైతది” అన్నాడు. దారిలో కంది ఊరు రాకముందే లోపల ఏదో పుటుక్కుమంది. చీర తడిసింది. నేను నోరెత్తలేదు. పిల్ల లేస్తుందని కాదు. ఆయన విసుక్కుంటాడని. కుట్లు ఊడి నెలన్నర చీము కారింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆయనను అడిగితే నిజంగానే ఆశ్చర్యపోతాడు. చెడ్డవాడు కాదు, నొప్పి తనది కాదు, అంతే.

మంగళవారం క్యారియర్లు వెళ్లిపోయాక, గిన్నెలు సింకులో అలాగే వదిలేసి ప్రియాంక పక్కన కూర్చున్నాను. పరీక్షల సెలవులని అది ఇంట్లోనే ఉంది. “సాయంత్రానికల్ల జర్మనీ సీట్లు తియ్యమన్నడు డాడీ. రెండే ఉన్నయ్” అంది.

“దుబాయ్ నుంచి మనూరికి చూడు. పండుకునేది.”

అది నావైపు చూసింది. వేళ్లు ఫోను మీద వేగంగా ఆడాయి. “వచ్చే శుక్రవారం ఉన్నయమ్మా. ఇంత జల్ది తీస్తే పాయింట్లు శానా పోతయి. మిగిలిన దాంట్ల జర్మనీకి ఇద్దరు పోవుడు కాదు.”

“తియ్యి.”

“ఆగు. డాక్టరు కాగితం పంపాలంట. చిన్నమ్మ ఒక్కతే ఎక్కనియ్యరు, తోడు ఒకరుండాలంట. ఎవరి పేరు రాయాలె?”

మాకు అన్నదమ్ములు లేరు. ఆ ఇంటివాళ్లు రారు. ఎవరైనా ఉన్నారేమోనని మనసులో ఊరంతా తిరిగొచ్చాను. బ్యాంకాక్‌కు డీలర్ల ట్రిప్పు అన్నప్పుడు తీసిన పాస్‌పోర్టు ఒకటి నాకుంది. అప్పుడు అత్తమ్మకు జ్వరమొచ్చి నేను ఆగిపోయాను, బావ భార్య వెళ్లింది.

“నాది రాయి.”

ప్రియాంక ముందు నవ్వింది. “నువ్వా? లింగంపల్లి స్టేషన్ల మెట్లు కదులుతున్నయని ఎక్కకుండ తిరిగొచ్చినవ్ గదనే!” తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. “ఖరారేనా అమ్మా?”

“రాయి బిడ్డా, నా మనసు మారకముందే రాయి.”

వచ్చే బుధవారం మామూలు సీట్లో నేను వెళ్లేటట్టు, ఆ శుక్రవారం ఇద్దరమూ ముందు సీట్లలో వచ్చేటట్టు పెట్టింది. వీసాకు కూడా అప్పుడే కాగితాలు పంపింది. నా ఫోను మోగింది. ఆరు అంకెలు. ఈసారి ఎవరికీ చదివి వినిపించలేదు. ప్రియాంక ఫోను నా చేతిలోకి తీసుకుని, చూపుడువేలితో నేనే కొట్టాను. మూడో అంకె తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టాను. చెమట పట్టిన వేలు అద్దం మీద జారుతోంది.

చంద్రకళకు ఫోను చేశాను. సంగతంతా చెప్పాను.

“ముందు సీటా అక్కా? పరద ఉంటది, గాడనా?”

“గాడనే.”

“మా మేడం కూసునేది గాడనే. వాళ్లతోని లండన్ పోయినప్పుడు, చంటిపిల్లను పాలకిచ్చొచ్చి నేను ఎనుకకు పొయ్యి కూసునేదాన్ని. ఏడిస్తే మళ్ల ముందుకు పోయేదాన్ని. పరద కాడ నిలవడి చెయ్యి సాపాలె, లోపటికి పోవద్దు.” అంతలోనే అడిగింది. “మీ ఆయన ఒప్పుకున్నడా?”

“నువ్వు ఆ డాక్టరు కాగితం ఇయ్యాల్నే తీసుకో” అన్నాను.

మా ఆయన ఏడింటికి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. చాయ్ ఇచ్చి, నిలబడే చెప్పాను.

“మజాక్ చేస్తున్నవా?” అన్నాడు.

“లేదు. తీసినం.”

“ఎవర్నడిగి? నా పాయింట్లు...” అని ఆగాడు. గోడ మీద కంపెనీ క్యాలెండరు ఉంది. దానిమీద పెద్దక్షరాల్లో నా పేరుంది. అటు చూసి తల తిప్పుకున్నాడు. “అన్నకేం చెప్పాలె నేను? క్యాన్సిల్ చెయ్ బిడ్డా.”

“క్యాన్సిల్‌కు కూడ నంబరు అమ్మకే వస్తది డాడీ” అంది ప్రియాంక, పుస్తకంలోంచి తలెత్తకుండా. “జర్మనీకి ఒక్క సీటు మిగిలింది. నువ్వు పోతవా, పెదనాన్న పోతడా, మీరిద్దరు అనుకోండ్రి.”

మా అత్త మంచం మీద లేచి కూర్చుంది. ఏదో అంటుందని ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. ఆమె తన కాళ్లవైపు చూసుకుంటూ, “నడుము పోయిన మనిషిని కూసోబెట్టి తేవొద్దురా” అని మాత్రం అని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయన చాయ్ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. అరుస్తాడనుకున్నాను. బావకు ఫోను చేస్తాడనుకున్నాను. ఇంకా ఘోరమైనవి కూడా అనుకున్నాను, నా సంగతి మీకు తెలిసిందే. చివరికి తలెత్తి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

“మరి బుధవారం సంది కార్ఖానకు బువ్వెట్ల?”

“నాకు తెల్వదు” అన్నాను.

నిజంగానే తెలియదు. మధ్యాహ్నంనుంచి ఎన్ని చెడులు ఊహించుకున్నానో లెక్కలేదు. విమానం సముద్రంలో పడిపోవడం, దుబాయ్ విమానాశ్రయంలో నేను తప్పిపోవడం, పాస్‌పోర్టులో ఇంటిపేరు తప్పుందని నన్ను తిప్పి పంపడం, చక్రాల కుర్చీ తోసేవాడు చంద్రకళ నడుము గుద్దడం, పడుకున్న సీటు మళ్లీ పైకి లేవకపోవడం. అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. కానీ ఎనిమిది మంది ఏం తింటారన్న మాట మాత్రం, ఆయన అడిగేదాకా, నాకు తట్టనే లేదు.