తిండి పెట్టేదెవరు?

"ఈమెకు తిండి పెట్టేదెవరు?" అని అడిగింది డాక్టరమ్మ.

తననే అడిగిందనుకుని గుండప్ప, "మేమే మా, ఇంగెవరు పెడతారు," అన్నాడు. పక్కనే ఉన్న ఆదెప్ప తలపాగా సవరించుకుని, "మా అక్కకు తిండికేం తక్కువ ల్యా మా," అని వంత పాడాడు. మంచం మీద కళ్లు మూసుకుని మూలుగుతున్న నల్లమ్మ గుండప్పకు తల్లి, ఆదెప్పకు అక్క. తమ ఊరు నిడుగల్లులో చీకటితో బండి కట్టుకుని బయలుదేరితే పావగడ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. జర్మనీ యుద్ధం మొదలైన మరుసటేడు అది. కొండ కింది వీధిలో పాత మిద్దె ఒకటి బాడుగకు తీసుకుని, ఆరు మంచాలు వేసి, బెంగళూరులో చదువుకున్న ఆ డాక్టరమ్మ సొంతంగా ఆసుపత్రి నడుపుతోంది. సాయానికి ఒక నర్సు, కదిరయ్య అనే కాంపౌండరు.

"మీ ఇంట్లో తిండి ఉందా అని కాదు నేనడిగింది. కలిపి నోట్లో పెట్టే చెయ్యి ఎవరిది? నీళ్లు తాపేదెవరు? గుడ్డలు మార్చేదెవరు?"

మగవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న సంగతి ఎందుకు అడుగుతోందో వాళ్లకు అంతుపట్టలేదు. చివరికి గుండప్ప వాకిలి వైపు గడ్డం ఎత్తి, "అదో, ఆడుండాది. నా పెండ్లాము," అన్నాడు.

ఈరక్క వాకిలి బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చంకలో మైలగుడ్డల మూట. ఎక్కడ ఉతకాలో ఎవరినడగాలో తెలియక చూస్తోంది. వైద్యుడి మాట మగవాళ్లు వినాలి, ఆడవాళ్లు బయట ఉండాలి, తర్వాత వాళ్లు చెప్పినంత మటుకు చేయాలి. అది వాళ్లింటి పద్ధతి. వాళ్లింటిదే ఏమిటి, ఆ చుట్టుపక్కల అందరిదీ అదే. అందుకే డాక్టరమ్మ లోపలికి పిలిచినప్పుడు ఆమె ముందు మొగుడి మొహం చూసింది.

"ఆయన మొహంలో ఏముందమ్మా, ఇటు రా," అంది డాక్టరమ్మ. "జ్వరం ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగైదు దినాలు," అన్నాడు గుండప్ప.

"పదకొండు," అంది ఈరక్క నేల చూపులు చూస్తూ. "శెనక్కాయ చేన్లో కలుపు తీస్తాండంగా వణుకు పట్టింది. మొదట్లో మాపుసారి మాత్రమే వచ్చేది. ఇప్పుడు ఇడవకుండా ఉండాది. నిన్నటి నుంచి పలవరిస్తాండాది."

డాక్టరమ్మ తను రాసుకున్నది కొట్టేసి, ఈరక్క చెప్పింది రాసుకుంది. తర్వాత మగవాళ్లిద్దరినీ అరుగు మీద కూర్చోమని పంపేసింది. ఆదెప్పకు అది అవమానంగానే తోచింది. పెద్దమనిషిని బయటికి పంపి ఆడమనిషితో మంతనాలేమిటని చాలాసేపు గొణిగాడు. గొణగనీ. ఆ ఆసుపత్రిలో అదే కట్టుబాటు. రోగి దగ్గర ఎవరు ఉంటారో వాళ్లకే మాట చెప్పడం.

డాక్టరమ్మ తెలుగులో కన్నడ యాస ఉంది గానీ మాట మాత్రం నిదానం. మంచం అంచున కూర్చుని, నల్లమ్మకు కూడా వినబడేటట్టు చెప్పింది.

"ఇది టైఫాయిడు. పేగుల్లో పుండ్లు పడతాయి. దీన్ని చంపే మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. మనిషిని కాపాడుకుంటూ వస్తే జ్వరమే దిగిపోతుంది. బతుకుతుందని ఇప్పుడే మాట ఇవ్వను. సగం పని నాది, సగం నీది. గంజి తేట, బార్లీ నీళ్లు, వడకట్టిన మజ్జిగ. గట్టిది ఏదీ లోపలికి పోకూడదు. జ్వరం తగ్గుతున్నప్పుడే భయం ఎక్కువ. అప్పుడు ఆకలేస్తుంది, ముద్ద కావాలని ఏడుస్తుంది. నువ్వు కరిగిపోయి పెట్టావంటే పేగు చిల్లిపడుతుంది, కడుపు ఉబ్బుతుంది, మనిషి పోతుంది. ఇప్పుడు నేను చెప్పిందంతా నువ్వు నాకు చెప్పు."

ఈరక్క గంజి తేట దగ్గర మొదలుపెట్టింది. బార్లీ నీళ్లు సరిగ్గా చెప్పింది, మజ్జిగ సరిగ్గా చెప్పింది. ముద్ద దగ్గరికి వచ్చి ఆగింది.

ఆరేళ్ల కిందట ఆమె కొడుకు చిక్కన్నకు ఇట్లాగే జ్వరం వచ్చింది. ఐదేళ్లవాడు. అప్పుడు ఇంకేదో ఊరి ఆసుపత్రికి తీసుకుపోయారు. గుండప్ప బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయాడు, ఈరక్క వసారాలో కూర్చుంది. లోపల చాలాసేపు మాటలు నడిచాయి, ఒక్క మాటా ఆమె దాకా రాలేదు. బయటికి వచ్చి మొగుడు మందుసీసా చేతికిచ్చి, "మూడుపూట్లా తాపు," అన్నాడు. అంతే. మూడో వారంలో జ్వరం దిగి ఒళ్లు చల్లబడింది. బిడ్డ లేచి కూర్చుని, "ముద్ద మా," అన్నాడు. అన్నాళ్ల తర్వాత నోరు తెరిచి అడిగితే ఏ తల్లి పెట్టకుండా ఉంటుంది? వేడివేడి రాగిముద్ద పిడికెడు తెచ్చి, చిన్నచిన్నగా తుంచి పులుసులో అద్ది మింగించింది. మర్నాటికి కడుపు ఉబ్బింది. ఆ మర్నాడు బిడ్డ లేడు. గుండప్ప ఆ ఖాళీ తట్ట చూసి, "ముద్ద పెట్టినావా? ఎంత పని చేస్తివే," అన్నాడు. ఆ ఒక్క మాట ఇల్లంతా పాకింది, ఊరంతా పాకింది. పొయ్యి దగ్గర గరిటె జారినా చాలు నల్లమ్మకు, "ఆ చేత్తోనే గదా నా మనవణ్ణి మింగితివి," అనేది. తోడికోడలు తన పిల్లలకు ఈరక్కను అన్నం తినిపించనిచ్చేది కాదు. పదకొండు మందికి రెండుపూటలా సంగటి కెలకడానికి మాత్రం ఆ చెయ్యి పనికొచ్చేది. ఈరక్క కూడా నమ్మింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ చెయ్యి చూసుకుని ఏడ్చేది. ముద్దతో బిడ్డ పోతాడని మొగుడికి ఎట్లా తెలిసిందని ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

"ఏమ్మా, మిగతాది?" అంది డాక్టరమ్మ.

"ముద్ద పెట్టగూడదు," అంది ఈరక్క. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆ ఆసుపత్రిలో ఉన్న నాళ్లు ఈరక్క జీవితంలో మళ్లీ రాలేదు. పని తక్కువేమీ కాదు. రెండు గంటలకొకసారి అత్తను పక్కకు తిప్పాలి, తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి, మందు కలిపిన వంగపూవు రంగు నీళ్లలో చేతులు కడుక్కోవాలి, పెరట్లో గుడ్డలు ఉడకబెట్టాలి. ఇంట్లోనూ చాకిరీయే, ఇక్కడా చాకిరీయే. తేడా ఏమిటంటే ఇక్కడ ఎందుకు చేయాలో చెప్పేవాళ్లు. తిప్పకపోతే వీపు పుండు పడుతుందని నర్సు చూపించి చెప్పింది. సూది వేసే ముందు కదిరయ్య, "నొప్పి పుడతాది అవ్వా, చీమ కుట్టినట్టు కాదు, నిజంగానే పుడతాది," అని ఉన్నమాట చెప్పేవాడు. అబద్ధం చెప్పనందుకేమో నల్లమ్మ అతనికి మాత్రం చెయ్యి చాపేది. డాక్టరమ్మ పొద్దున్నే వచ్చి, నిన్న జ్వరమెంత, ఈరోజెంత, ఏది బాగుంది, ఏది బాగాలేదు, అంతా రోగికే చెప్పేది. ఒకరోజు నాడి బలహీనంగా ఉందని, ఈ రెండు రోజులు గడవాలని మొహం మీదే చెప్పింది. గుండప్ప అదిరిపడ్డాడు. ఈరక్కకు మాత్రం ధైర్యం వచ్చింది. దాచే మాట ఉండదని తెలిస్తే మనసు ఒక చోట కుదురుకుంటుంది.

పక్క మంచం మీద మంగళవాడ అనే ఊరి శ్రీరామప్ప భార్య ఉండేది. తోడు వచ్చే ఆడదిక్కు లేక అతనే వచ్చాడు. "అయితే నువ్వే నేర్చుకో," అంది డాక్టరమ్మ. మొదటి రోజు పెండ్లాం నోటికి గంజి గిన్నె పట్టడానికి సిగ్గుతో చచ్చాడు. వారం తిరిగేసరికి, తిప్పేటప్పుడు భుజం కింద చెయ్యి పెట్టాలని గుండప్పకు పాఠం చెప్పసాగాడు. గుండప్ప వినీ విననట్టు బీడీ ముట్టించుకుని బయటికి పోయేవాడు.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ పెరట్లో చేతులు కడుక్కుంటుంటే ఈరక్క అడిగేసింది. చిక్కన్న సంగతంతా చెప్పి, "నా చెయ్యే చంపిందా మా?" అంది.

ఊరడించడానికి ఏదో ఒకటి అనేసి పోవచ్చు. డాక్టరమ్మ అట్లా పోలేదు. తువ్వాలు పక్కన పెట్టి అక్కడి రాతి మీద కూర్చుంది. "ముద్ద వల్లే కావచ్చు. ముద్ద పెట్టకపోయినా పోయి ఉండవచ్చు. ఆ వారంలో చాలామంది పోతారు. ఏది నిజమో ఇప్పుడు నేను చెప్పలేను. కానీ ఒకటి చెప్పగలను. ఆ డాక్టరు చెప్పకుండా ఉండడు. నీకు చెప్పాల్సిన మాట వేరేవాళ్లకు చెప్పి పని అయిపోయిందనుకున్నాడు. విన్నవాళ్లు నీకు చెప్పలేదు. తప్పు నీ చేతిది కాదమ్మా."

ఈరక్క చాలాసేపు ఏడ్చింది. డాక్టరమ్మ ఆపమనలేదు.

జ్వరం దిగడం మొదలైంది. డాక్టరమ్మ చెప్పినట్టే నల్లమ్మకు ఆకలి పుట్టింది. "ఒక్క ముద్ద పెట్టవే, నీ కాళ్లు పట్టుకుంటా," అని బతిమాలింది. పెట్టకపోతే, "కడుపు మాడ్చి సంపేదానికే తెచ్చినావే నన్ను," అని తిట్టింది. పెట్టినా హంతకురాలే, పెట్టకపోయినా హంతకురాలే. ఈరక్క గంజి తేట గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆ తిట్లు ఆదెప్ప చెవిన పడ్డాయి. ఊరికి పోయి మర్నాడు వస్తూ పైపంచెలో రాగిముద్ద, శెనక్కాయ చట్నీ మూటగట్టుకుని వచ్చాడు. పాపం, అది ప్రేమే. ముద్ద పడితే గానీ ప్రాణం నిలవదని నమ్మినవాడి ప్రేమ.

"పెట్టేది ల్యా మామా," అని ఈరక్క మంచానికి అడ్డం నిలబడింది.

"తొలగు. ఆడదానివి, నీకేం తెలుసు?"

గుండప్ప గబగబా లేచి ఆదెప్ప చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు మామా. ఆమె చెప్పేది నిజమే. అప్పుడు చిక్కనికి కూడా ఆ డాక్టరు..." అని ఆగిపోయాడు.

ఈరక్క రోగి ముందు ఏమీ మాట్లాడలేదు. ఆదెప్ప చేతిలోని మూట తీసుకుని శ్రీరామప్పకు ఇచ్చింది. అతను పొద్దున్నుంచి ఏమీ తినలేదు. తర్వాత అరుగు మీదికి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఏం చెప్పినాడు ఆ పొద్దు?"

"గట్టిది పెట్టొద్దన్నాడు," అన్నాడు గుండప్ప, బీడీ వైపు చూస్తూ. "ఇంటికాడికి పోయినాక చెప్తామనుకుంటి. ఆడోళ్లకు అంతా ఇడమరిచి చెప్పేదేముందిలే అనుకుంటి. ఇంగ పనుల్లో పడి మర్సిపోతి."

"నాకు చెప్పేది మర్సిపోతివి. నా మీద చెప్పేది మర్సిపోల్యా."

అతను బీడీని నేలకేసి నులిమాడు.

"మీ అమ్మకు చెప్పు."

"ఇప్పుడెట్లా చెప్తానే. ఒళ్లు బాగల్యా కదా."

అది మాత్రం నిజమే. ఆరేళ్లు మోసింది, ఇంకొన్నాళ్లు మోయలేకపోదు. "సరే, లేచి కూర్చోనీ," అంది ఈరక్క.

ముప్పై ఐదో రోజున నల్లమ్మను ఇంటికి పంపారు. ఎముకలు తేలి, జుట్టు రాలి, కళ్లు మాత్రం మునుపటి నల్లమ్మవే. వెళ్లేముందు డాక్టరమ్మ ఏమి తినాలో, ఎప్పటి నుంచి తినాలో ఈరక్కతో చెప్పించుకుని, తర్వాత నల్లమ్మతో కూడా చెప్పించుకుంది. "నా మందు కన్నా నీ కోడలు పెట్టని ముద్ద నిన్ను బతికించింది అవ్వా. ఇది నువ్వు నలుగురికీ చెప్పాలి," అంది. నల్లమ్మ కోడలి చేతి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

బండి సిద్ధమైంది. గడ్డి పరిచి, దుప్పటి వేసి, తల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు గుండప్ప. ఆదెప్ప పగ్గాలు పట్టుకున్నాడు. ఈరక్క మూటలన్నీ బండిలో పెట్టింది, నీళ్ల చెంబు పెట్టింది, అత్త వీపు వెనక ఒత్తుగా గుడ్డలు సర్దింది. చేయాల్సినదంతా చేసి, వెనక్కి వచ్చి ఆసుపత్రి మెట్టు మీద కూర్చుంది.

"ఏమే, ఎక్కు. ఎండెక్కిపోతాది," అన్నాడు గుండప్ప.

"ఆ డాక్టరు నీకేం చెప్పినాడో మీ అమ్మకు చెప్పు. చెప్పినంక ఎక్కేదా లేదా చూస్తా."

"ఇంటికాడ మాట్లాడుకుందాం లే."

"ఇంటికాడ చెప్తామనే కదా అప్పుడూ అనుకుంటివి."

వాకిట్లో కదిరయ్య సీసాలు తుడవడం ఆపాడు. శ్రీరామప్ప కిటికీ దగ్గరికి వచ్చాడు. నల్లమ్మ దుప్పటి తొలగించి, "ఏందిరా చెప్పేది?" అంది.

గుండప్ప ఎద్దుల వైపు చూశాడు, కొండ వైపు చూశాడు. ఎటు చూసినా తప్పించుకునే దారి లేదు. "చిక్కనికి ముద్ద పెట్టొద్దని ఆ డాక్టరు నాకు చెప్పినాడు మా," అన్నాడు. "ఈరికి నేను చెప్పల్యా. ఆమెకు తెల్దు."

అత్త ఏమంటుందోనని ఈరక్క ఎదురు చూడలేదు. ఆ మాట వెలుతురులో నలుగురి ముందు పడింది, ఆమెకు కావలసింది అదే. ఊపిరి ఛాతీ అడుగు దాకా పోయి వచ్చింది.

"దించురా నన్ను," అంది నల్లమ్మ.

గుండప్ప చెయ్యి చాపితే ఆ చెయ్యి పట్టుకోలేదు. బండి చక్రం పట్టుకుని తనే దిగింది. నాలుగు అడుగులు నాలుగు ఆమడలుగా నడిచి వచ్చి, కోడలి పక్కన మెట్టు మీద కూలబడింది. ఈరక్క జరిగి చోటిచ్చింది.

ఆదెప్ప పగ్గాలు వదిలి తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎండ మెట్ల దాకా వచ్చింది. అత్తా కోడలూ అట్లాగే కూర్చున్నారు. బండి ఎప్పుడు కదిలేదీ గుండప్పకు ఎవరూ చెప్పలేదు.